నాగాకీ సెలవుకీ మధ్య

విజయవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఇంకా వెలుతురు రాకముందే లారీల వెనక తలుపులు దిగుతాయి. లారీ మీద నిలబడ్డ మనిషి కొక్కెంతో బస్తాను అంచుదాకా లాగి, కింద వంగి ఉన్నవాడి వీపు మీదికి జారుస్తాడు. తలగుడ్డ సర్దుకుని అతను పది అడుగుల్లో కొట్టు లోపలికి చేరి బస్తా దింపి, వచ్చిన దారినే తిరిగి వస్తాడు. అరగంటలో లారీ ఖాళీ. టీ బండి దగ్గర ఆగిన ఒక పెద్దాయనను అడిగాను. "బాబాయ్, ఆఖరిసారి సెలవు ఎప్పుడు పెట్టారు?" ఆయన గ్లాసు కింద పెట్టి, "సెలవులు ఉద్యోగస్తులకి బాబూ. మేం పెట్టేది నాగా" అన్నారు.

రోజు పోతే కూలి కూడా పోయేది నాగా. పనిలోకి వెళ్లకపోయినా జీతం చేతికొచ్చేది సెలవు. రెండో రకం దినాన్ని హక్కుగా రాసిన చట్టాలకు తొంభై ఏళ్లకు పైనే వయసుంది. కృష్ణా డెల్టాలో చేతులతో పనిచేసే వాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఇప్పటికీ తెలిసింది నాగానే. చట్టాలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. అయితే ఆ చట్టాల్లో సెలవు యజమాని రిజిస్టరులో పుట్టి అక్కడే పెరుగుతుంది. పనివాడు కొట్టు మారినా, మేస్త్రీ మారినా, సీజన్ అయిపోయినా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. విజయవాడలో, చుట్టుపక్కల ఊళ్లలో పని జరిగేదే చేతులు మారుతూ. సెలవు లేకపోవడానికి అసలు కారణం అక్కడుందని నా అభిప్రాయం. ఏడాదికి పది రోజులా ముప్పై రోజులా అన్న చర్చ ఆ తర్వాతిది.

ముందు బయటి దేశాల సంగతి చూద్దాం. 1936 మే, జూన్ నెలల్లో ఫ్రాన్సు కార్మికులు ఫ్యాక్టరీల్లోనే బైఠాయించి సమ్మె చేశారు. లియోన్ బ్లూమ్ నాయకత్వంలో అప్పుడే ఏర్పడ్డ పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం జూన్ 20న చట్టం తెచ్చి ఏడాదికి రెండు వారాల జీతపు సెలవు ఇచ్చింది. ఆ వేసవిలో రైలెక్కి మొదటిసారి సముద్రం చూసిన కుటుంబాలు ఎన్నో. అదే నెలలో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 52వ ఒడంబడికను ఆమోదించింది. ఏడాది సర్వీసు చేసినవాడికి కనీసం ఆరు పనిరోజుల జీతపు సెలవు ఉండాలని అందులో రాశారు. ఫ్రాన్సు అక్కడితో ఆగలేదు. 1956లో మూడు వారాలు, 1969లో నాలుగు, 1982లో ఐదు చేసింది. 1970లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా 132వ ఒడంబడికతో కనీస సెలవును మూడు వారాలకు పెంచింది. దాన్ని భారతదేశం ఇంతవరకూ ఆమోదించలేదు.

ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశమైనా నాలుగు వారాలకు తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. జర్మనీ చట్టం వారానికి ఆరు రోజుల పనికి 24 రోజులంటుంది. బ్రిటన్‌లో 5.6 వారాలు, అంటే పండుగ సెలవులతో కలిపి 28 రోజులు. ఆస్ట్రేలియాలో నాలుగు వారాలు. జపాన్ చట్టంలో ఆరు నెలలు పనిచేస్తే పది రోజులు, సర్వీసు పెరిగేకొద్దీ ఇరవై దాకా ఉంటాయి. కానీ అక్కడి ఉద్యోగులు తోటివాళ్ల మీద భారం పడుతుందని మొహమాటపడి సెలవు వాడుకోరు. అది ఎంతగా ముదిరిందంటే, 2019 ఏప్రిల్ నుంచి పది రోజులు, ఆపైన సెలవున్న ప్రతి ఉద్యోగి చేతా కనీసం ఐదు రోజులు వాడించే బాధ్యతను ఆ దేశం యజమానుల మీదే పెట్టాల్సి వచ్చింది. హక్కు పుస్తకంలో ఉన్నంత మాత్రాన మనిషి ఇంటికి చేరడని జపాన్‌ను చూస్తే తెలుస్తుంది.

ఇక అమెరికా. ఇన్ని రోజులు జీతంతో సెలవివ్వాలని ప్రైవేటు యజమానిని నిర్బంధించే ఫెడరల్ చట్టం ఆ దేశంలో లేదు. చాలావరకు కంపెనీ ఎంత ఇస్తే అంత. గుడివాడ, ఉయ్యూరు, పెనమలూరు వైపు ఏ వీధిలో చూసినా అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఉంటాయి. ఆ ఇళ్లలో అమ్మానాన్నలకు 'పీటీవో' (పెయిడ్ టైమ్ ఆఫ్, జీతపు సెలవు) అన్న మాట బాగా తెలుసు. రెండు వారాల కోసం వస్తే రాకపోకలకు మూడు రోజులు, నిద్ర కుదుటపడటానికి రెండు రోజులు పోతాయి. మిగిలిన వాటిలోనే పెళ్లిచూపులు, బ్యాంకు పనులు, తిరుపతి, ఆస్పత్రి. డెల్టా పల్లెల్లో డిసెంబరు చివరి రెండు వారాలు అంత హడావిడిగా నడవడానికి ఎక్కడో డల్లాస్‌లో మేనేజరు ఆమోదించిన సెలవే కారణం. ప్రపంచంలో బాగా డబ్బున్న దేశంలో ఉంటున్న కొడుకు, పక్క వీధి నుంచి జర్మనీ వెళ్లిన అమ్మాయి కంటే తక్కువ రోజులు ఇంటి దగ్గర ఉండగలుగుతున్నాడు. సెలవు దేశం సంపదను బట్టి దానంతటదే రాదు.

మన దేశంలో ఈ కథ ఆదివారంతో మొదలైంది. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికో రోజు విరామం నారాయణ మేఘాజీ లోఖండే పోరాటంతో 1890లో దక్కింది. పరిశ్రమల్లో వారపు సెలవు గురించిన అంతర్జాతీయ ఒడంబడికను 1923లోనే భారత ప్రభుత్వం ఆమోదించింది. కొట్లలో, హోటళ్లలో పనివాళ్ల కోసం 1942లో వారపు సెలవుల చట్టం వచ్చింది. జీతంతో వార్షిక సెలవు మాత్రం 1945లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. ఏడాది పనికి పది రోజులు. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. ఆయన పేరు వినగానే రాజ్యాంగం గుర్తొస్తుంది గాని, మన ఫ్యాక్టరీ కార్మికుడి జీతపు సెలవు వెనక ఉన్నదీ ఆయన చెయ్యే అని ఇంకా ఎక్కువమందికి తెలియాలి. ఆ రాజ్యాంగంలోని 43వ అధికరణం కార్మికులకు బతకడానికి సరిపడే వేతనంతో పాటు తీరిక సమయాన్ని పూర్తిగా అనుభవించే పరిస్థితులు కూడా ఉండేలా ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతుంది. తీరిక అన్న మాట అక్కడ, వ్యవసాయ కూలీ సహా కార్మికులందరి కోసం రాసి ఉంది.

1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కను స్థిరపరిచింది. క్యాలెండరు సంవత్సరంలో 240 రోజులు పనిచేస్తే, తర్వాతి ఏడాది ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతపు సెలవు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో అదే లెక్కను తీసుకుంది. మన రాష్ట్రంలో కొట్లకు, ఆఫీసులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం 240 రోజులు చేసిన గుమస్తాకు 15 రోజుల జీతపు సెలవు, 12 రోజుల క్యాజువల్ సెలవు, 12 రోజుల జబ్బు సెలవు. మొత్తం 39. జర్మనీ చట్టంలోని 24తో పోల్చి చూస్తే బీసెంట్ రోడ్డు గుమస్తాకు రాసిపెట్టి ఉన్నది తక్కువేమీ కాదు.

ఆ రాసిపెట్టినదానికీ జరిగేదానికీ ఎంత తేడా ఉందో నాకు స్వయంగా తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో ఒక బట్టల కొట్లో రెండేళ్లకు పైగా లెక్కలు రాశాను. గల్లాపెట్టె పక్కన పొడుగాటి పుస్తకం ఉండేది. రాని రోజున పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాళ్లు. రెండో ఏడు మా నాయనమ్మ పోయింది. పెద్దకర్మ దాకా పదకొండు రోజులు వెళ్లలేదు. నెలాఖరున పదకొండు సున్నాలకూ జీతం కోసి, మిగిలింది కవర్లో పెట్టి ఇచ్చారు. అప్పటికే చట్టం ఉంది, నేను 240 రోజులు ఎప్పుడో దాటేశాను. ఆ సున్నాలు నాగాలు కావని చెప్పేవాళ్లు కొట్లో ఎవరూ లేరు, నాకూ తెలియదు. ఇప్పటికీ చాలా కొట్లలో నియామక పత్రం ఉండదు. హాజరు పుస్తకం ఉన్నా అది జీతం కోయడానికే, సెలవు జమ చేయడానికి కాదు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రికి రాష్ట్రమంతా వస్తుంది, ఆ తొమ్మిది రోజులూ వన్‌టౌన్ కొట్లలో, హోటళ్లలో పనిచేసే వాళ్లకు తెల్లవారుజామునుంచి అర్ధరాత్రి దాకా గిరాకీ. ఊరి పండుగ రోజున ఊరివాడే అమ్మవారి దర్శనానికి వెళ్లలేకపోవడం నేను కళ్లారా చూసింది, నా వరకు నేను అనుభవించింది కూడా.

అదే ఊళ్లో ఇంకో వరుస ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 సీఎల్‌లు (క్యాజువల్ సెలవులు), 30 ఈఎల్‌లు (ఆర్జిత సెలవులు) ఉంటాయి. వాడని ఈఎల్‌లు 300 దాకా కూడబెట్టుకుని రిటైరైనప్పుడు డబ్బుగా తీసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చిన సచివాలయ సిబ్బందికి వారానికి ఐదు రోజుల పని. ఆర్టీసీ కార్మికులు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. రైల్వే జంక్షన్, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్, బ్యాంకులు, ఇవన్నీ ఈ వరుసలోవే. ఈ సెలవులు ఎక్కువని గొణిగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఒక మనిషి ముప్పై ఏళ్లు ఒకేచోట లెక్కలో ఉంటే సెలవు ఎలా పోగవుతుందో ఆ ఈఎల్ ఖాతా చూపిస్తుంది. అది పక్క మనిషికి ఎలా చేర్చాలన్నది ఆలోచించాలి. పక్క మనిషి దూరంగా కూడా లేడు. పర్మినెంటు కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడు ఒకే వీధిని ఒకే చీపురుతో ఊడుస్తారు. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులు ధర్నాకు కూర్చున్నప్పుడల్లా వారపు సెలవు, పండుగ సెలవులు కోరికల పట్టీలో ఉంటాయి.

చదువుకున్న ఉద్యోగాల సంగతీ చెప్పాలి. విజయవాడ ఇంటర్ కాలేజీల ఊరు. ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్‌కు ఎండాకాలం సెలవులు పేరుకే. పరీక్షలు అవగానే అడ్మిషన్లు. పల్లెలు తిరిగి, పదో తరగతి పిల్లల ఇళ్ల తలుపులు తట్టి, ఇంతమందిని చేర్పించాలి. ఆదివారాల్లో స్టడీ అవర్లు. ఫిజిక్స్‌లో పీజీ చేసినవాడు రోహిణి కార్తెలో బ్రోచర్లు పట్టుకుని మోటారు సైకిల్ మీద తిరుగుతుంటే సెలవు లేమి బస్తా మోసేవాడిదొక్కడిదే కాదని అర్థమవుతుంది.

డెల్టా పొలాల్లోకి వెళితే లెక్క పూర్తిగా మారిపోతుంది. కాలువలకు నీళ్లు వదిలాక నాట్లు, కార్తీకం దాటాక కోతలు, కోతకు ముందే చల్లిన మినుము, వేసవిలో కాలువలు కట్టేయడం. నాట్లప్పుడు ఆడవాళ్లు జట్టు కట్టి ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుని ఒక రైతు చేను ముగించి ఇంకో రైతు చేనుకు వెళతారు. ఒక సార్వాలో పది, పదిహేనుమంది రైతుల దగ్గర పనిచేస్తారు. వాళ్ల యజమాని ఎవరు? 240 రోజులు ఎవరి పుస్తకంలో లెక్కపెట్టాలి? కోత మిషన్లు వచ్చాక పని దినాలు ఇంకా తగ్గాయి. ఆ ఖాళీ రోజులను చూసి 'వాళ్లకు ఏడాదిలో సగం సెలవే కదా' అనేవాళ్లున్నారు. పని దొరకని రోజు సెలవెలా అవుతుంది? ఆ రోజు పొయ్యి మీదికి బియ్యం ఎక్కడినుంచి వస్తాయా అన్న ఆలోచనతోనే తెల్లవారుతుంది.

అయినా విరామం అన్న భావన మనకు పరాయిది కాదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ఎద్దుకు కాడి పెట్టరు, కొమ్ములకు రంగులేసి పూజ చేస్తారు. తాపీ మేస్త్రీలు చాలాచోట్ల అమావాస్య నాడు తాపీ ముట్టరు. ఇల్లు కట్టించేవాడు ఎంత తొందరపడినా ఆ రోజు పని ఆగాల్సిందే. కట్టుబాటు విరామం ఇచ్చింది, ఆ రోజు కూలి ఇవ్వలేదు. ఎద్దుకు కనుమ నాడు కుడితి, గడ్డి మామూలుగానే పడతాయి. అమావాస్య నాడు మేస్త్రీ కింద కూలికి ఆ పూట సొంత జేబులోంచే గడవాలి.

ఆపదలొచ్చినప్పుడు ఈ తేడా ఇంకా గట్టిగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు నీళ్లలో మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. రోజుల తరబడి జనం మేడల మీద, డాబాల మీద గడిపారు. ఒకే వీధిలో ఉన్న బ్యాంకు ఉద్యోగికి ఆ రోజులు సెలవులో సర్దుకున్నాయి. ఆటోనగర్ షెడ్డులో డెంటింగ్ చేసే కుర్రాడికీ, ఇళ్లలో గిన్నెలు తోమే అమ్మాయికీ వరుస నాగాలు. మంచం, ఫ్రిజ్ పోయిన నెలలోనే జీతమూ పోయింది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. జీతపు సెలవుకు అర్హత 240 రోజుల నుంచి 180కి తగ్గింది, 20 రోజులకు ఒకటన్న లెక్క మారలేదు. ఇది మంచి మార్పే. పరిశ్రమల్లో కాంట్రాక్టు కింద ఏడెనిమిది నెలలు పనిచేసే వాళ్లకు మేలు. చెరకు మిల్లులో క్రషింగ్ సీజన్‌కు వచ్చి నాలుగైదు నెలల్లో వెళ్లిపోయేవాళ్లకు, ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప, 180 కూడా అందదు. బస్తాలు మోసే ముఠాకు, నాట్ల జట్టుకు, అడ్డా కూలీకి ఆ సంఖ్య 240 అయినా 180 అయినా ఒకటే. వాళ్లకు ఒక్క యజమాని దగ్గర అన్ని రోజులు ఉండవు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం రోజుకు గరిష్ఠ పనిగంటలను తొమ్మిది నుంచి పదికి పెంచే నిర్ణయం తీసుకుంది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉందని సమాధానం చెప్పారు. రోజు పొడుగైతే సాయంత్రం పోతుంది, దాన్ని ఆదివారం పూడ్చలేదు. ఈ మార్పు నాకు బాధ కలిగించింది.

చేతులు మారే పనికి సెలవెలా ఇవ్వాలన్న ప్రశ్నకు వేరే చోట్ల జవాబులు దొరికాయి. ఫ్రాన్సులో ఇళ్లు కట్టే కూలీలకు 1936 చట్టంతో ఇదే చిక్కు వచ్చింది. ఒక మేస్త్రీ దగ్గర రెండు నెలలు, ఇంకొకరి దగ్గర మూడు నెలలు చేసేవాడికి రెండు వారాల జీతం ఎవరివ్వాలి? 1937లో వాళ్లు సెలవు నిధులు పెట్టుకున్నారు. కూలీ ఎవరి దగ్గర ఎన్నిరోజులు చేస్తే ఆ యజమాని అన్ని రోజుల వాటా నిధిలో కడతాడు. సెలవు సమయంలో కూలీకి డబ్బు ఇచ్చేది నిధి. జర్మనీలో నిర్మాణ రంగానికి సోకా-బావు అనే సంస్థ ఈ పనే చేస్తోంది. బ్రిటన్‌లో గంటలు స్థిరంగా లేని పనివాళ్లకు, చేసిన గంటల్లో 12.07 శాతం సెలవుగా జమవుతుంది. ఎప్పుడు ఎంత పని దొరికినా దానితోపాటే సెలవూ పెరుగుతుంది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మహారాష్ట్ర 1969లో మాథాడీ హమాలీల చట్టం చేసింది. బస్తాలు మోసే వాళ్లు బోర్డులో నమోదవుతారు. వ్యాపారులు కూలితో పాటు దాని మీద ఇంత శాతం అని లెవీ బోర్డుకు కడతారు. అందులోంచి ప్రావిడెంట్ ఫండ్, బోనస్, జీతపు సెలవు ఇస్తారు. మన రాష్ట్రంలో కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేశారు. మన మార్కెట్ల మాటలనే పేరుగా పెట్టుకున్న చట్టం అది. గొల్లపూడిలో టీ తాగుతూ అడిగితే ఆ పేరు విన్నవాళ్లు నాకు దొరకలేదు.

లెక్క వేసి చూద్దాం. ముఠా మనిషికి రోజుకు 800 రూపాయలు వస్తాయనుకుందాం. ఇరవై రోజులకు ఒక రోజు సెలవంటే కూలి మీద ఐదు శాతం, రోజుకు 40 రూపాయలు. బస్తాకు పది రూపాయల కూలి అయితే అందులో ఇది అర్ధరూపాయి. ఏడాదిలో 300 రోజులు పనిచేస్తే 12,000 పోగవుతాయి. అంటే పదిహేను రోజుల కూలి. సంక్రాంతికి నాలుగు రోజులు, మనవరాలి ఓణీల వేడుకకు రెండు రోజులు, జ్వరమొస్తే నాలుగు రోజులు, వడగాడ్పుల్లో మరో ఐదు రోజులు నీడ పట్టున ఉండటానికి సరిపోతుంది. బస్తాకు అర్ధరూపాయి మోయలేనంత చిన్న వ్యాపారం గొల్లపూడిలో ఉందని నేననుకోను. వీధి చివర కిరాణా కొట్టుకు భారమైతే కావచ్చు, వాళ్లకు ప్రభుత్వం కొంత కలపడం న్యాయం.

అనుమానం ఇంకో వైపునుంచి వస్తుంది. నిధి పెడితే డబ్బు కూలీకి చేరుతుందా? భవన నిర్మాణ కార్మికుల కోసం వసూలు చేసిన సెస్సు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా పడి ఉందని 2018లో సుప్రీంకోర్టే తప్పుబట్టింది. అందుకే నిధి ప్రభుత్వ ఖజానాలో కలిసిపోకూడదు. ఎవరి పేరున ఎంత జమైందో ప్రతి నెలా కూలీ ఫోనుకు కనిపించాలి, సంక్రాంతి ముందు అడగకుండానే ఖాతాలో పడాలి. ఇళ్లలో పనిచేసే వాళ్లకు బోర్డు కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. నెల జీతం ఇచ్చే మనమే నెలకు రెండు రోజులు కోత లేకుండా వదలవచ్చు. "రెండ్రోజులు ఊరెళ్లొస్తానమ్మా" అని గుమ్మంలో నిలబడి ఆమె నసిగే పరిస్థితి తప్పుతుంది.

ఆ రోజు గొల్లపూడిలో రెండో లారీ వచ్చేలోపు ముఠా మేస్త్రీ తన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. ఏ కొట్టుకు ఎన్ని బస్తాలు, ఈ పూట ముఠాలో ఎవరెవరున్నారు, ఎవరు రాలేదు, అన్నీ పెన్సిలుతో వరుసగా రాసి ఉన్నాయి. సాయంత్రం వాటాలు పంచేది ఆ పుస్తకం చూసే. ముందు రోజు జ్వరంతో రానివాడి పేరు దగ్గర చిన్న అడ్డగీత ఉంది. అతని వాటా ఏం చేస్తారని అడిగాను. "తలా ఇంత తీసి ఇద్దామనుకుంటున్నాం. ముసలమ్మ ఉందండీ అతనికి" అన్నాడు మేస్త్రీ, పుస్తకం జేబులో పెట్టుకుని లారీ వైపు నడుస్తూ.